రిపోర్టు సంగతి తర్వాత, ముందు మధ్యలో ఆగండి

బిడ్డలారా,

మీ ప్రాజెక్టు కాగితాలు చదివాను. పత్తి ఏరే రోజుల్లో మన బడిలో హాజరు ఎందుకు పడిపోతుంది అన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది, దాని జవాబు మీ ఊళ్లోనే ఉంది, దాంతో అవసరం కూడా మీకే ఉంది. ప్లాన్ చూశాకే టెన్షన్ పట్టుకుంది. దసరా సెలవులయ్యాక ఇల్లిల్లూ తిరిగి చదువు విలువ చెప్తాం, జనవరిలో రిపోర్టు రాస్తాం అన్నారు. మరి మధ్యలో? మీ మాటలు పనిచేయలేదని జనవరిలో తెలిస్తే ఏం లాభం, అప్పటికి ఏరుడు దాదాపు అయిపోతుంది.

పని చేస్తూనే తెలుసుకునే ఈ పద్ధతిని చర్యా పరిశోధన అంటారు, మీ టీచర్లు బీఎడ్‌లో చదివే ఉంటారు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో దీని గురించి రాశాడు: ప్లాన్ వేసుకో, కొంత చెయ్యి, ఏమైందో చూడు, చూసినదాన్ని బట్టి ప్లాన్ మార్చుకుని మళ్లీ దిగు. తర్వాత ఆస్ట్రేలియాలో కెమ్మిస్, మెక్‌టాగర్ట్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు దీన్నే టీచర్ల కోసం ప్లాన్, పని, పరిశీలన, ఆలోచన అని నాలుగు మెట్లుగా చెప్పారు. ఆ నాలుగో మెట్టునే అందరూ ఎగ్గొడతారు. ఊళ్లో తిరిగితే పది మందికీ కనిపిస్తుంది, ఫొటోలూ వస్తాయి. నలుగురూ కూర్చుని మనం అనుకున్నదేంటి, అయిందేంటి అని తర్కించుకుంటే ఎవరికి కనిపిస్తుంది?

అందుకే రెండు వారాలకోసారి ఆగండి. ఇళ్లకు బయల్దేరే ముందే, ఏం జరుగుతుందనుకుంటున్నారో నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. ఇది మాత్రం తప్పనిసరి. ముందు రాసి పెట్టుకోకపోతే ఏం జరిగినా 'మేం ముందే అనుకున్నాం' అనిపిస్తుంది, ఇక నేర్చుకునేదేమీ ఉండదు.

హాజరు రిజిస్టర్‌లో మొత్తం లెక్క ఒక్కటే చూడకండి. ఎవరు, ఏ రోజు, ఎందుకు అని విడివిడిగా రాసుకోండి. మన దగ్గర ఏరుడు కూలి ఎక్కువగా కిలో లెక్కన ఇస్తారు కదా, ఇంకో రెండు చేతులు కలిస్తే సాయంత్రం కాంటా మీద తూకం పెరుగుతుంది, ఆ ఇంట్లో పిల్లాడు బడి మానేది అందుకే తప్ప వాళ్లమ్మకు చదువు విలువ తెలియక కాదు. ఇంకో ఇంట్లో అమ్మాయి చేనుకే పోదు, అమ్మ పోతే తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది. రిజిస్టర్‌లో ఇద్దరికీ పడేది ఒకటే ఆబ్సెంట్. ఈ తేడా కనిపించిందా, రెండో రౌండులో మీ ప్రశ్నే మారిపోతుంది: తమ్ముడికి మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో దింపొచ్చు, మరి అది మూసే వేళకూ అమ్మ చేను నుంచి వచ్చే వేళకూ మధ్య ఎవరు చూస్తారు? అప్పుడు మీరు మాట్లాడాల్సింది అమ్మతో కంటే ముందు అంగన్‌వాడీ టీచరుతో.

లెవిన్ దగ్గరే జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. అదే 1946 వేసవిలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక శిక్షణ శిబిరం పెట్టారు. రోజూ సాయంత్రం పరిశోధకులు తాము చూసింది చర్చించుకుంటుంటే, శిక్షణకు వచ్చినవాళ్లలో కొందరు మేమూ కూర్చుంటాం అన్నారు. వాళ్లలో ఒకావిడ, తన గురించి పరిశోధకులు చెప్పింది విని, జరిగింది అలా కాదని అడ్డం తిరిగింది. లెవిన్ ఆ మాటను ఆపలేదు సరికదా, ఇంకా చెప్పమన్నాడు. మీరు కూడా ఏ ఇంటి గురించి రాశారో ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించండి, వాళ్లు కాదన్నది కూడా పక్కనే రాయండి. మీరు అందరికీ చూపించే చార్టు మీద మాత్రం ఎవరి పేర్లూ పెట్టొద్దు, ఊరంతా చూస్తుంది.

మొదటి రౌండు అయ్యాక ఆ నోటుబుక్కు నాకు పంపండి. ఫెయిర్ కాపీ వద్దు, కొట్టివేతలతో సహా ఉన్నది ఉన్నట్టే.

మీ సారు,
హన్మకొండ