రాక్, ఎలక్ట్రానిక్ సంగీతం: 35 ఏళ్లుగా వింటున్న అభిమాని చెప్పే అపోహలు - వాస్తవాలు

1989లో నాకు 14 ఏళ్లు. వైజాగ్‌లో మా వీధి చివర క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే చిన్న కొట్టు ఉండేది. ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, పాటల జాబితా రాసిస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లు. అలా వచ్చిన ఒక 60 నిమిషాల క్యాసెట్‌లో, ఎ సైడ్ చివర జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వర్క్ వాళ్ల 'ఆటోబాన్' ఉంది. మూడు నిమిషాలు కాగానే టేప్ అయిపోయి టక్కున ఆగేది. పాట అంతేననుకుని ఆరేళ్లు విన్నాను. 1995లో హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి గదిలో అసలు ఆల్బమ్ విన్నాక తెలిసింది, అది 22 నిమిషాలు దాటిన పాట అని. 1974లో వచ్చిన ఆ ఎల్పీ రికార్డులో ఒక సైడ్ మొత్తం అదే. నా టేప్ ఆగిపోయే చోటు దాటి పాట ముందుకు సాగుతుంటే ఒళ్లు జలదరించింది.

ఆ రోజు నుంచి, ఈ సంగీతం గురించి ఎవరేం చెప్పినా పూర్తిగా విని, ఎలా చేశారో కనుక్కున్నాకే ఒక అభిప్రాయానికి రావడం అలవాటైంది. తరచూ వినపడే కొన్ని మాటల గురించి రాస్తున్నాను. వీటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: ఎలక్ట్రానిక్ సంగీతంలో మనిషి చేసేదేమీ లేదు, బటన్ నొక్కితే అదే వాయిస్తుంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

1963లో బీబీసీలో 'డాక్టర్ హూ' సీరియల్ మొదలైంది. దాని టైటిల్ సంగీతాన్ని రాసింది రాన్ గ్రైనర్. దాన్ని వినపడేలా చేసింది బీబీసీలో కొత్త శబ్దాలు తయారుచేసే విభాగం రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసే డీలియా డెర్బీషైర్. అప్పటికి వాళ్ల దగ్గర సింథసైజర్, అంటే కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే వాయిద్యం, లేదు. ఒక తీగను మీటిన శబ్దం, ఒకే స్వరాన్ని పలికించే ఆసిలేటర్ల (విద్యుత్ పరికరాల) శబ్దం, ఉత్త హోరు, వీటిని టేప్ మీద రికార్డు చేసేవాళ్లు. ఆ టేప్ వేగాన్ని పెంచి, తగ్గించి స్వరాన్ని మార్చేవాళ్లు. స్వరం ఎంతసేపు వినపడాలో లెక్కేసి అంత పొడవు ముక్క కత్తిరించి, పక్క ముక్కతో అతికించేవాళ్లు. ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క! టైలర్ గుడ్డ కొలిచి కత్తిరించినట్టే కాలాన్ని అంగుళాల్లో కొలిచి కత్తిరించారు. అంత చేసినా ఆమె పేరు తెర మీద పడలేదు. 2013లో ఆ సీరియల్ 50 ఏళ్ల ప్రత్యేక ఎపిసోడ్‌లో వేశారు. అప్పటికి ఆమె చనిపోయి 12 ఏళ్లు.

ఇంకొకటి చెప్తాను. మాంచెస్టర్ బ్యాండ్ న్యూ ఆర్డర్ 1983లో 'బ్లూ మండే' విడుదల చేసింది. ఆ పాట మొత్తాన్ని సీక్వెన్సర్‌లోకి, అంటే ఎక్కించిన స్వరాలను వరుసగా వాయించే యంత్రంలోకి, ఎక్కించే పని గిలియన్ గిల్బర్ట్‌ది. ఒక్కో స్వరం చేత్తో ఎక్కించాలి. ఆమె స్వరాలన్నీ తెల్ల కాగితాల మీద రాసుకుని, ఆ కాగితాలు ఒకదానికొకటి అతికిస్తే స్టూడియో పొడవునా పరుచుకున్నాయట. అల్లికలు చేసేవాళ్లు గళ్లు లెక్కపెట్టుకుంటూ పెట్టుకునే నమూనా లాంటిది అన్నమాట. అంత జాగ్రత్తలోనూ ఒక్క స్వరం జారిపోయింది. దాంతో సింథ్ మెలొడీ తాళానికి కొద్దిగా పక్కకు జరిగింది. దాన్ని అలాగే ఉంచేశారు. ఈసారి ఆ పాట పెట్టినప్పుడు డ్రమ్స్ మీద ఓ చెవి, మెలొడీ మీద ఓ చెవి వేసి వినండి. రెండూ ఒక చోట మొదలవ్వవు. ఆ పాటకున్న వింత లాగుడులో చాలా భాగం అక్కడిదే అని నా నమ్మకం.

1977లో జర్మనీలోని మ్యూనిక్‌లో నిర్మాత జోర్జియో మొరోడర్ బృందం గాయని డోనా సమ్మర్‌తో 'ఐ ఫీల్ లవ్' చేసినప్పుడు దాదాపు అంతా మూగ్ కంపెనీ సింథసైజరే. కానీ ఆ కిక్ డ్రమ్ మాత్రం మెషీన్ నుంచి సరైన బలంతో రాలేదు. అది కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కాలితో కొట్టినదే. యంత్రంలా వినపడే ఆ పాటకు అడుగున ఉన్నది మనిషి పాదం.

అపోహ: రాక్ అభిమాని వేరు, ఎలక్ట్రానిక్ అభిమాని వేరు

కాలేజీలో మా హాస్టల్ అలాగే రెండుగా చీలి ఉండేది. గిటార్ వర్గం, మెషీన్ వర్గం. ఈ గొడవకు కొంత కారణం బ్యాండ్లే. 1970లలో క్వీన్ తమ ఆల్బమ్ అట్టల మీద సింథసైజర్లు వాడలేదని ప్రత్యేకంగా అచ్చు వేసేది. వాళ్ల గిటారిస్టు బ్రయన్ మే గిటార్ మీద గిటార్ పొరలు పొరలుగా పేర్చి తెచ్చిన శబ్దాన్ని జనం సింథసైజర్ అనుకోకూడదన్నది వాళ్ల పట్టుదల. ఆ పట్టుదల న్యాయమే. కానీ 1980లో వచ్చిన ఆల్బమ్‌తో వాళ్లూ సింథసైజర్ వాడటం మొదలుపెట్టారు.

అసలు ఈ రెండూ ఎప్పుడూ కలిసే పెరిగాయి. 1971లో ద హూ బ్యాండ్ పాట 'బాబా ఓ'రైలీ' మొదట్లో గిర్రున తిరిగే ఆ శబ్దాన్ని అందరూ సింథసైజర్ అనుకుంటారు. అది ఇళ్లలో వాయించుకునే లౌరీ ఎలక్ట్రానిక్ ఆర్గన్, అందులో స్వరాన్ని దానంతటదే మళ్లీ మళ్లీ పలికించే ఒక అమరిక. ఆ పేరులో బాబా అంటే అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) దగ్గర ఆశ్రమం ఉన్న మెహెర్ బాబా. రైలీ అంటే అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ. ఆ రైలీ హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశాడు. ఒక రాక్ పాట పేరు పట్టుకుని లాగితే ప్రాణ్‌నాథ్ పాడే కిరానా ఘరానా సంప్రదాయం దాకా వచ్చింది చూడండి!

పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్‌లో 'ఆన్ ద రన్' వింటే గిటార్ వర్గం, మెషీన్ వర్గం అన్న తేడాయే నిలవదు. సింథీ ఏకేఎస్ అనే చిన్న సింథసైజర్ పెట్టెలో 8 స్వరాలు ఎక్కించి, వేగం పెంచి తిప్పారు. మిగతాదంతా దాని చుట్టూ కట్టిందే.

ఇక రేడియోహెడ్ బ్యాండ్. 1997లో గిటార్లతో అంత పేరు తెచ్చుకున్నాక, 2000 అక్టోబరులో 'కిడ్ ఎ' తెచ్చారు. గిటార్ బాగా వెనక్కి పోయింది. అభిమానుల్లో చాలామంది మోసపోయినట్టు ఫీలయ్యారు. నేను ఆ క్యాసెట్ ఒకసారి విని నెల రోజులు పక్కన పెట్టేశాను. ఒక రాత్రి కరెంటు పోయి, వాక్‌మన్‌లో అదొక్కటే ఉంటే మళ్లీ విన్నాను. అప్పుడు ఎక్కింది. అందులో 'ఇడియోటెక్' పాటకు ఆధారం స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో ఐబీఎం పెద్ద కంప్యూటర్ మీద చేసిన రచన నుంచి తీసుకున్న కొన్ని సెకన్ల ముక్క. బ్యాండ్ మారినప్పుడు కోపం రావడం సహజం. తీర్పు మాత్రం నెల ఆగి ఇవ్వండి.

అపోహ: ఇది మనది కాదు, ఉత్త పాశ్చాత్య మోజు

1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ ఉంది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి ఏర్పాటు చేసిన స్టూడియో అది. 1972 దాకా మనవాళ్లు అక్కడ టేపుల మీద ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపులు 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. 50 ఏళ్ల నిశ్శబ్దం తర్వాత విన్నాం.

చరణ్‌జీత్ సింగ్ సంగతి ఇంకా దగ్గరిది. బొంబాయి సినిమా పాటలకు వాయించిన ఆయన, రోలాండ్ కంపెనీ బేస్ యంత్రం టీబీ-303, డ్రమ్ యంత్రం టీఆర్-808, సింథసైజర్ జూపిటర్-8 పెట్టుకుని 1982లో పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు తెచ్చారు. మొదటిది భైరవ్, అంటే మన మాయామాళవగౌళ స్వరాలే. సరళీ స్వరాలు నేర్చుకున్న ఎవరికైనా పది సెకన్లలో పట్టుబడుతుంది. మూడోది భూపాలీ, అంటే మోహన. టీబీ-303లో ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారే స్లైడ్ ఉంటుంది. వీణ మీద జారుకు అలవాటు పడ్డ చెవికి అది పరాయిగా అనిపించదు. రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ వేశాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది.

ఇక్కడ ఇంకో అపోహ పుట్టింది. టీబీ-303 శబ్దం మీద నడిచే యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతాన్ని కనిపెట్టింది మనమేనని గర్వంగా చెప్పేస్తున్నారు. ఆ రికార్డు నాకు ప్రాణం, అయినా ఇది నిజం కాదు. టీబీ-303 ఒంటరిగా సాధన చేసే గిటారిస్టుకు బేస్ వాయించి పెట్టాలని చేసిన పెట్టె. ఆ పనికి అది పనికిరాలేదు, 1984లో తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టె మీటలను ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ షికాగో కుర్రాళ్లు, ఫ్యూచర్ అనే బృందం, 'యాసిడ్ ట్రాక్స్' చేశారు. అది 1987లో వచ్చింది. బొంబాయి రికార్డు వాళ్లను చేరిన దాఖలా ఏదీ లేదు. ఒకే పెట్టె రెండు ఊళ్లలో రెండు రకాలుగా పలికింది. చరణ్‌జీత్ సింగ్ గొప్పదనానికి ఆ వరుసలో మొదటి స్థానం అక్కర్లేదు.

మన సినిమా పాటల మాటకొస్తే, రాజ్-కోటి దగ్గర కీబోర్డు మీద పనిచేసిన కుర్రాడే ఏఆర్ రెహమాన్. చెన్నైలో రాక్ బ్యాండ్‌లోనూ వాయించారు. కాబట్టి ఈ శబ్దాలు మన ఇళ్లలోకి రేడియో ద్వారా ఎప్పుడో వచ్చేశాయి.

అపోహ: రాక్ పాటలు వెనక్కి తిప్పి వింటే రహస్య సందేశాలుంటాయి

దీనిపై కోర్టు విచారణే జరిగింది. 1990లో అమెరికాలోని నెవాడా రాష్ట్రం రీనోలో జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ మీద. కేసు నిలవలేదు. ఏ మాటనైనా వెనక్కి తిప్పితే ఏదో ఒకటి అన్నట్టే ఉంటుంది. ఫలానాది వినపడుతుందని ముందే చెబితే అదే వినపడుతుంది. ఇంతకంటే దీనికి చోటు అక్కర్లేదు.

అపోహ: ఎల్పీలో వింటేనే అసలు సంగీతం

నా దగ్గర ఎల్పీలున్నాయి, వాటిని ప్రేమగా చూసుకుంటాను. అయినా ఇది పూర్తి నిజం కాదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు, ఒకే వేగంతో తిరుగుతుంది. బయటి గాడి పెద్దది, లోపలి గాడి చిన్నది. అందుకని సూది కింద గాడి జరిగే వేగం బయట సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లయితే, లోపలికి వచ్చేసరికి 20 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. సన్నటి శబ్దాలు అక్కడ కొద్దిగా నలుగుతాయి. సైడ్ చివరి పాటలో 'స' శబ్దం గరగరమంటే మీ ప్లేయర్ పాడైందని కంగారు పడకండి. బేస్ మరీ ఎక్కువైతే గాడి వెడల్పై సైడ్‌లో చోటు చాలదు, అందుకే ఎలక్ట్రానిక్ పాటలకు 12 అంగుళాల సింగిల్స్ వేసేవాళ్లు.

1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటుంది. మన చెవికి వినపడే శబ్దాలకు అది చాలు. కొన్ని కొత్త సీడీలు చెడ్డగా ఉండటానికి కారణం సీడీ కాదు, అంతా ఒకే మోతగా ఉండేలా నొక్కేసిన మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని సరిచేసే చివరి పని). అందుకే నేను పాత సీడీలు సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొంటాను.

అపోహ: గట్టిగా వినేవాడే నిజమైన అభిమాని, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే సంగీతం పోతుంది

ఇది చదివి ఒక్కరు మారినా నాకు సంతోషం. కొన్నేళ్ల క్రితం బెంగళూరులో ఒక పెద్ద రాక్ కచేరీలో స్పీకర్ల పక్కనే రెండు గంటలు నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టర్ మాట దూదిలోంచి వచ్చినట్టు వినపడింది. చెవిలో సన్నగా కుయ్‌మనే శబ్దం మూడు రోజులుంది. ఆ మూడు రాత్రులూ నాకు నిద్ర లేదు, టెన్షన్. ఇక సంగీతం వినలేనేమోనన్న భయం.

పనిచేసే చోట ఆరోగ్య భద్రత గురించి పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటల దాకా ఉండొచ్చు. ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. కచేరీలో 100 మామూలే. హెడ్‌ఫోన్లకూ ఇదే లెక్క. ద హూ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తన వినికిడి దెబ్బతినడానికి స్టూడియోలో వాడిన హెడ్‌ఫోన్లనే కారణంగా చెప్పారు.

ఫోమ్ ప్లగ్స్ మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. సన్నటి శబ్దాల్ని కొంచెం ఎక్కువ తగ్గిస్తాయి, నిజమే. సంగీతం కోసం చేసిన ప్లగ్స్ అన్ని శబ్దాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, అవి కొంచెం ఖరీదు. మొన్న మా అమ్మాయి మొదటి కచేరీకి వెళ్తూ, "నాన్నా, ఇవి పెట్టుకుంటే ఏం వినపడుతుంది?" అంది. ఫోమ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టుకోమని చూపించాను. పాట మధ్యలో నా భుజం తట్టి, చెవి దగ్గరకొచ్చి అంది: "బేస్ గిటార్ విడిగా వినపడుతోంది నాన్నా!"