బలరాముడు ఎక్కడికి పోయాడు?

తిరుపతి,
ఆదివారం

పెద్దోడికీ, పాపకూ,

సెలవులు అయిపోయి మీరు చిత్తూరు బస్సెక్కి వారం అయింది. ఇల్లు బోసిగా ఉంది. మీ అవ్వ ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి, పెద్దోడు గ్రౌండ్‌కు పోయాడా అని వరండాలోకి తొంగి చూస్తోంది.

మన ఊరి భారతం ఉత్సవాల్లో దుర్యోధన వధ రోజు పాప నన్నొక మాట అడిగింది. మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు నేల మీద పడుకుని ఉన్నాడు, భీముడి వేషగాడు గద పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. తొడ మీద కొట్టడం అధర్మమని బలరాముడు కోపంగా నాగలి ఎత్తాడు. అప్పుడు పాప నా పంచె లాగి, "ఈయన ఇన్ని రోజులూ ఎక్కడికి పోయాడు తాతా?" అంది. తీర్థయాత్రకు పోయాడమ్మా అన్నాను. "యుద్ధం జరుగుతుంటేనా?" అంది. పెద్దోడు నవ్వి, "భయపడి పోయింటాడు" అన్నాడు.

ఆ రాత్రి మీరిద్దరూ మిద్దె మీద గొడవపడ్డారు. ఇజ్రాయెల్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లలు కొందరు సైన్యంలో చేరబోమని చెప్పి జైలుకు పోతున్నారని పాప ఫోన్‌లో చదివింది. వాళ్లు పిరికివాళ్లని పెద్దోడు, కాదని పాప. నన్ను తీర్పు చెప్పమన్నారు. అగ్నిగుండం తొక్కివచ్చిన బంధువులు ఇంటినిండా ఉన్నారు, నిద్ర ముంచుకొస్తోంది, రేపు చెప్తానన్నాను. చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు బలరాముడి సంగతి. ఆయనకు భయం అనే మాట అతకదు. భీముడికీ దుర్యోధనుడికీ గద నేర్పిన గురువు ఆయనే. ఇటు నా వాళ్లే, అటూ నా వాళ్లే, నేను ఎవరి పక్షానా ఆయుధం పట్టను అని అందరి ముందూ చెప్పి మరీ సరస్వతీ తీరానికి పోయాడు. భారతంలో ఎవరూ ఆయన్ని పిరికివాడని అనలేదు. అర్జునుడు కూడా గాండీవం కింద పెట్టాడు కదా, కృష్ణుడు ఒప్పించి యుద్ధం చేయించాడు కదా అని పెద్దోడు అంటాడని నాకు తెలుసు. నిజమే. కానీ పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినాక కృష్ణుడు చివర్లో ఏమన్నాడో చూడు. ఇదంతా బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. సాక్షాత్తూ భగవంతుడు కూడా ఆ నిర్ణయాన్ని అర్జునుడికే వదిలిపెట్టాడు. నాకు గీతలో అన్నిటికంటే ఇష్టమైన మాట అది.

పాప చదివిన ఆ పిల్లల్లాంటి వాళ్లను ఇంగ్లీషులో కాన్షియన్షస్ అబ్జెక్టర్ అంటారు. మనిషిని చంపడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు కాబట్టి యుద్ధం చేయను అనేవాడని అర్థం. సైన్యం నుంచి పారిపోయేవాడికీ వీళ్లకూ తేడా ఉంది. పారిపోయేవాడు ఎవరికీ చెప్పడు, రాత్రికి రాత్రి మాయమవుతాడు. వీళ్లు వచ్చి ఎదురుగా నిలబడి చెప్తారు. పేరు రాసుకోండి, శిక్ష వేస్తే వేయండి అంటారు. పిరికివాడికి అంతకంటే సులువైన దారులు చాలా ఉంటాయి పెద్దోడా.

ఇంగ్లండ్ సంగతి చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రెండేళ్లకు, 1916లో, అక్కడ బలవంతపు సైనిక సేవ చట్టం తెచ్చారు. అదే చట్టంలో, మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లు మినహాయింపు అడగొచ్చని కూడా రాశారు. అలా సుమారు 16,000 మంది ముందుకు వచ్చారు. వాళ్లు ఊరి పెద్దలతో వేసిన ట్రిబ్యునల్ ముందు నిలబడాలి. అక్కడ చాలామందిని అడిగే ప్రశ్న ఒకటుండేది: జర్మన్ సైనికుడు మీ చెల్లెలి మీద పడితే ఏం చేస్తావు? మిద్దె మీద నువ్వు పాపను అడిగింది కూడా ఇదే. నా జవాబు ఇది. కళ్లెదుట చెల్లెలి మీద పడినవాణ్ణి అడ్డుకోవడం వేరు, నాకు ఏ అపకారమూ చేయని, పేరు కూడా తెలియని మనిషిని వెతుక్కుంటూ పోయి ఆర్డర్ వచ్చిందని కాల్చడం వేరు. మొదటిది చేసేవాడు రెండోది కూడా చేసి తీరాలనే లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ట్రిబ్యునల్ నమ్మనివాళ్లను బలవంతంగా సైన్యంలో కలిపేశారు. అలా కలిపినవాళ్లలో కొందరిని ఆ ఏడాదే ఫ్రాన్స్‌కు తీసుకుపోయారు. యుద్ధభూమి దగ్గర ఆర్డర్ కాదంటే మరణశిక్ష వేయొచ్చు, అందుకని. అక్కడ కూడా వాళ్లు కాదన్నారు. మొత్తం 35 మందికి, కాల్చి చంపాలని తీర్పు చదివారు. చదివిన ఆఫీసర్ అక్కడ ఆగాడు. కాసేపు తర్వాతే, దాన్ని పదేళ్ల కఠిన శిక్షగా మార్చామని రెండో ముక్క చదివాడు. ఆ రెండు ముక్కల మధ్య వాళ్లు ఎలా నిలబడ్డారో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఒక్క అడుగు ముందుకేసి సరేనంటే ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు.

అందరిదీ ఒకటే దారి కాదు. యుద్ధానికి పనికొచ్చే ఏ పనీ చేయమన్నవాళ్లు కొందరు. తుపాకీ పట్టం గానీ దెబ్బలు తగిలినవాళ్లను మోస్తామని స్ట్రెచర్ పట్టుకుని గుండ్ల మధ్యకు పోయినవాళ్లు కొందరు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు దీనికోసమే ఒక అంబులెన్స్ దళం పెట్టారు.

స్ట్రెచర్ అనగానే నాకు అమెరికా వాడు డెస్మండ్ డాస్ గుర్తొస్తాడు. నేను కూడా పదిహేడేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసినవాణ్ణి కాబట్టి అతని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు, కానీ రైఫిల్ ముట్టనన్నాడు. అతని మతం, అతని నమ్మకం అలాంటివి. తోటి జవాన్లు హింసించారు, పైవాళ్లు వదిలించుకోవాలని చూశారు. అతను మాత్రం నన్ను అబ్జెక్టర్ అనకండి, నేను కోఆపరేటర్‌ను, అంటే సహకరించేవాణ్ణి అనేవాడు. 1945 మే నెలలో జపాన్ వాళ్ల ఒకినావా దీవిలో, నిట్టనిలువు కొండ అంచు మీద పెద్ద పోరాటం జరిగింది. దళం వెనక్కి దిగిపోయింది. దెబ్బలు తగిలినవాళ్లు పైనే ఉండిపోయారు. డాస్ దిగలేదు. ఒక్కొక్కరినీ అంచు దాకా ఈడ్చుకొచ్చి, తాడుతో కట్టి కిందికి దించాడు. మనిషిని స్ట్రెచర్ మీద పది గజాలు మోసినవాడికి తెలుస్తుంది, అది ఎంత పనో. వంద మందిని కాపాడాడని సైన్యం అంది, యాభై కంటే ఎక్కువ ఉండరని అతనన్నాడు, చివరికి 75 అని రాసుకున్నారు. ఆ అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమన్ వాళ్ల దేశపు అత్యున్నత సైనిక పతకం అతనికి ఇచ్చాడు. చేతిలో ఆయుధం లేని సైనికుడికి!

అందరికీ పతకాలు రాలేదు. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యెగర్‌స్టెటర్ అనే రైతు హిట్లర్ సైన్యంలో యుద్ధం చేయనన్నాడు, కావాలంటే రోగులకు సేవ చేస్తానన్నాడు. 1943 ఆగస్టు 9న తల తీశారు. భార్యనూ చిన్న పిల్లల్నీ గాలికి వదిలేశాడని సొంత ఊరివాళ్లే చాలా ఏళ్లు అతన్ని తప్పుపట్టారు. ఆ భార్య గురించి తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

పాపా, నీ ఫోన్‌నిండా కొరియా పాటలే కదా. ఆ దక్షిణ కొరియాలో మగపిల్లలందరూ సైన్యంలో చేయాల్సిందే. చేయబోమన్నవాళ్లు దశాబ్దాల పాటు వేలమంది జైలుకు పోయారు, ఎక్కువమంది యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్లు. 2018లో వాళ్ల రాజ్యాంగ కోర్టు, వీళ్లకు వేరే సేవ ఏదైనా చూపించాలని చెప్పింది. 2020 నుంచి అలాంటివాళ్లు జైళ్లలోనే వంటా, శుభ్రం లాంటి పనులు మూడేళ్లు చేస్తున్నారు. మామూలు సైనికుడు చేసేది ఏడాదిన్నర. అంటే రెట్టింపు. జర్మనీ అయితే యుద్ధంలో అంత చూసినాక, మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరి చేతా ఆయుధం పట్టించకూడదని 1949లో రాజ్యాంగంలోనే రాసుకుంది.

ఇక మన దేశం. మన దగ్గర బలవంతపు భర్తీ లేదు. ఎవరూ మనల్ని ఇంట్లోంచి లాక్కుపోరు. మనమే పోతాం, సంతకం పెడతాం, కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేస్తాం. ఆ తర్వాత మనసు మారితే ఏమిటి? అమెరికాలో ఇష్టపడి చేరినవాడు కూడా తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. మతగురువు, మానసిక వైద్యుడు, ఒక ఆఫీసర్ అతనితో మాట్లాడి, మాట నిజమో కాదో చూస్తారు. ఈ ఒక్క యుద్ధం వద్దు, ఇంకోటైతే సరే అంటే ఒప్పుకోరు. మన 1950 ఆర్మీ చట్టంలో ఇలాంటి దారంటూ ప్రత్యేకంగా లేదు. ఆర్డర్ ధిక్కరిస్తే కోర్టు మార్షలే. అయితే ఆ చట్టంలో కూడా 'న్యాయబద్ధమైన ఆర్డర్' అనే ఉంది పెద్దోడా, ఆ మాట గుర్తుపెట్టుకో. లొంగిపోయినవాణ్ణి కాల్చమంటే అది న్యాయబద్ధం కాదు.

చంద్రసింగ్ గఢ్వాలీ పేరు మీ పుస్తకాల్లో ఉందో లేదో. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో, చేతుల్లో ఏమీ లేని జనం మీద కాల్చమని తెల్ల ఆఫీసర్ అన్నప్పుడు, ఆయనా ఆయన వెంట ఉన్న గఢ్వాలీ సిపాయిలూ కాల్చలేదు. ఆయనకు యావజ్జీవం వేశారు, పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆయన యుద్ధం వద్దన్నవాడు కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు. ఆ రోజు, ఆ జనం మీద మాత్రం వేలు కదల్చలేదు. ఇంకో సంగతి మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. గాంధీగారు ఆయన చేసింది ఒప్పుకోలేదు. ప్రమాణం చేసిన సైనికుడు ఆర్డర్ కాదంటే ప్రమాణం తప్పినట్టే, రేపు మన ప్రభుత్వం వస్తే ఇదే సైనికులతో పని కదా అన్నారు. గాంధీగారి మీద నాకు ఎంత గౌరవమున్నా, ఈ విషయంలో నేను చంద్రసింగ్ వైపే. కానీ గాంధీగారి మాటలో ఒక బరువుంది, దాన్ని తీసిపారేయలేను. ప్రమాణం చిన్న విషయం కాదు. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను.

సైన్యంలో దారి లేకపోయినా, మన రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ అనే మాట ఉంది. దాని బలం ఎంతో చూపించింది మీలాంటి పిల్లలే. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు, జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడేవాళ్లు గానీ, వాళ్ల విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ చిన్నపరెడ్డిగారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అని రాశారు. ఆ జాతీయ గీతాన్ని ఠాగూర్ 1919లో ఇంగ్లీషులోకి మార్చింది మన పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలోనే. మదనపల్లె మీదుగా పోయినప్పుడల్లా నాకు ఈ రెండూ కలిపి గుర్తొస్తాయి.

పెద్దోడా, నిన్ను ఆపడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోవద్దు. నీకు పదిహేడున్నర నిండుతోంది. యూనివర్సిటీ గ్రౌండ్‌లో 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ పట్టుకుని పైకి లేవడం, తొమ్మిదడుగుల గుంత దూకడం, అన్నీ చేస్తున్నావు. అగ్నివీర్‌గా నాలుగేళ్లు, వందలో ఇరవై ఐదు మందికే తర్వాత ఉద్యోగం, ఆ లెక్కలన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. నీ టెన్షన్ అంతా పరుగు టైమింగ్ గురించే. తుపాకీ అవతలి చివర గురించి నువ్వు ఒక్కసారి కూడా మాట్లాడగా నేను వినలేదు. మన దగ్గర తర్వాత తలుపు లేదు కాబట్టి, తలుపు తట్టకముందే ఆ సంగతి నువ్వు ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోవాలి. ఆలోచించి పోతే, నేనే రైలెక్కిస్తాను.

ఇప్పటిదాకా మీ అవ్వకు కూడా చెప్పని విషయం ఒకటి చెప్తాను. ఒక ఆసుపత్రిలో నాకు నైట్ డ్యూటీ. చెయ్యి విరిగిన జవాను ఒకడు వార్డులో ఉండేవాడు, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. నిద్రపోయేవాడు కాదు. ఒక రాత్రి నన్ను మంచం దగ్గరికి పిలిచి, "రేంజ్‌లో బొమ్మ మీద నా గురి తప్పదు భయ్యా. అక్కడ మనిషి ఉంటే నా వేలు కదలదని నాకు తెలిసిపోయింది. ఎవరికి చెప్పాలి?" అన్నాడు. చుట్టూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని. "ఇలాంటి మాట ఇంకెప్పుడూ అనొద్దు, పడుకో" అన్నాను. అతను ఇంకెప్పుడూ అనలేదు. కట్టు విప్పినాక యూనిట్‌కు పోయాడు. ఆ తర్వాత ఏమయ్యాడో తెలియదు. అతను నన్ను అడిగింది సలహా కూడా కాదు, ఎవరికి చెప్పాలి అని మాత్రమే. నాకు చెప్పు అని ఉండాల్సింది.

వచ్చే శనివారం నువ్వు ట్రయల్ పరుగుకు తిరుపతి వస్తావు కదా. పొద్దున నీతో గ్రౌండ్ దాకా నడుస్తాను. దోవలో మాట్లాడుకుందాం. పాపను కూడా తీసుకురా, అవ్వ దాని కోసం కజ్జికాయలు దాచింది.

మీ
తాత