పూత వెయ్యని గుడ్డ

చిరంజీవులకు ఆశీస్సులు.

బొమ్మలు వెయ్యడానికి బజార్లో కొన్న కాన్వాస్ తెల్లగా, కాస్త బిరుసుగా ఉంటుంది కదా? అది గుడ్డ తెలుపు కాదు. నూలుగుడ్డను చట్రానికి బిగించి జిగురు పట్టించి, దానిమీద తెల్లపూత వేస్తారు. అప్పుడు రంగు లోపలికి ఇంకదు, పైనే నిలుస్తుంది. అమెరికా చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ ఆ పూతే మానేసింది.

ఆవిడ 1928లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి జడ్జి, ఆమెకు పదకొండేళ్లప్పుడు పోయాడు. 1949లో బెన్నింగ్టన్ కాలేజీలో చదువు ముగించింది. గుడ్డను నేలమీద పరిచి వెయ్యడం చిత్రకారుడు జాక్సన్ పొలాక్‌ను చూసి పట్టుకుంది. కానీ ఆయన రంగు చిక్కన, తాడులా పడి పైనే ఆరిపోయేది. ఈమె నూనెరంగులో టర్పెంటైన్ పోసి నీళ్లలా పల్చన చేసింది.

1952 వేసవిలో కెనడాలోని నోవా స్కోషియా వెళ్లి నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేసుకుంది. ఇంటికొచ్చాక అక్టోబర్ 26న ‘కొండలు, సముద్రం’ వేసింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. బొమ్మ ఎత్తు ఏడడుగుల పైమాటే, వెడల్పు పదడుగులకు కాస్త తక్కువ. ముందు బొగ్గుతో కొన్ని గీతలు, ఆపైన గులాబీ, నీలం, ఆకుపచ్చ ఒలికించడం. రంగు నూలుపోగుల్లోకి దిగిపోయింది. చాలాచోట్ల ఉత్త గుడ్డే కనిపిస్తుంది, అదీ బొమ్మలో భాగమే. తేలిగ్గా ఉందనుకునేరు! ఇంకిన రంగును గీకలేం, పైన ఇంకోటి పూసి కప్పలేం. ఎక్కువ పోస్తే పక్క రంగుతో కలిసి బురదైపోతుంది.

మరుసటి ఏడు చిత్రకారులు మోరిస్ లూయిస్, కెనెత్ నోలండ్ వాషింగ్టన్ నుంచి వచ్చి ఈ బొమ్మ చూశారు. ఆ తర్వాత ఇద్దరూ రంగు ఇంకించే దారే పట్టారు.

ఇందులో ఒక చిక్కుంది. జిగురు లేని గుడ్డకు నూనె నేరుగా తగిలితే రంగు చుట్టూ పసుపుపచ్చగా వలయం కడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పోగులు పెళుసెక్కుతాయి. అరవయ్యో దశకంలో ఆవిడ నీళ్లలో కలిసే ఆక్రిలిక్‌కి మారింది. వలయం పోయింది, అంచులు తేరుకున్నాయి. కాకపోతే నూనె పాకినప్పుడు వచ్చే ఆ పొగలాంటి మెత్తదనం తగ్గింది. నాకు పాతవే ఇష్టం.

తర్వాత చెక్క అచ్చుల మీద కూడా పనిచేసింది. 2000లో వచ్చిన ‘మదామ్ బటర్‌ఫ్లై’లో రంగు కాగితంలోకి దానంతటదే ఇంకినట్టుంటుంది. దానికి పట్టినవి 46 చెక్కలు, 102 రంగులు.

మీ తాతయ్య