కారు అలారం ఫ్యూజు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, అలారం ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. ముప్పై ఆంపియర్లది వేసేయనా?" షాపు తెరిచిన దగ్గర్నుంచీ వింటున్న ప్రశ్న ఇది. అడక్కుండా వేసేసి, వాసన వచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్లు వేరే.

అపోహ: ఫ్యూజు పోతోందంటే దానికి బలం చాలట్లేదు, పెద్దది వేస్తే సరి.

వాస్తవం: ఫ్యూజు ఉన్నది వైరు కోసమండీ, అలారం పెట్టె కోసం కాదు. కిట్‌తో వచ్చే పవర్ వైరు సన్నది. అక్కడ 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఇచ్చారంటే లెక్క చూసే ఇచ్చారు. అలారం మోగినప్పుడు మెరిసే నాలుగు ఇండికేటర్లు, ఒక్కోటి 21 వాట్ల బల్బు అనుకుంటే, మొత్తం 84 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 7 ఆంపియర్లు. 10 చాలు. అయినా పోతోందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. అక్కడ 30 ఆకుపచ్చది గుచ్చితే ఇక ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది. 12 వోల్టులేగా అని తేలిగ్గా తీసుకోకండి. షాక్ కొట్టదు నిజమే, షార్టయితే మాత్రం కారు బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది.

మొన్న వచ్చిన కారుకి ఫ్యూజు సరిగ్గా వాళ్ల వీధిలో స్పీడ్ బ్రేకర్ దగ్గరే పోయేదట. బావమరిది 30 వేసిచ్చాడు. బానెట్ నుంచి లోపలికి వైరు తెచ్చిన రేకు చిల్లుకి రబ్బరు బుష్ లేదు. కుదుపుకి రేకు అంచు వైరును కోసి, రాగి బయటపడింది. అక్కణ్ణుంచి డాష్‌బోర్డు కింద దాకా తొడుగు కరిగి, పక్క వైర్లకు బంకలా అతుక్కుంది. పాపం కారు ఓనరు చేతులు వణుకుతున్నాయి, వెనక సీట్లో పిల్లలు ఉన్నారట అప్పుడు. ఆయన్ని ఏమనగలను? పని నేర్చుకునే రోజుల్లో నేనూ పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టినవాణ్ణే. మేస్త్రి చూసి ఆ పూట కారు ముట్టుకోనివ్వలేదు.

ఇంకోటి. ఫ్యూజు హోల్డర్ కనబడకూడదని డాష్‌బోర్డు కింద దాచేస్తుంటారు. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకి మరి దిక్కెవరు? హోల్డర్ బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి.

అలారం బ్యాటరీని తినేస్తుందన్నది ఉత్త పుకారు. 20 మిల్లీ ఆంపియర్లు లాగే అలారం రెండు వారాల్లో తీసేది దాదాపు 7 ఆంపియర్ అవర్లు. మంచి 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అదో లెక్కా? నాలుగేళ్ల బ్యాటరీ చచ్చిపోతే అలారాన్ని తిడతారు. ఎర్త్ ఎక్కడ బిగించినా ఒకటే అంటారు, కాదు. పెయింటు గీకి, వట్టి రేకు మీద బిగించాలి. లేకపోతే అర్ధరాత్రి దానంతటదే మోగుతుంది, పక్కింటివాళ్లు మిమ్మల్ని తిడతారు. లైను వెతకడానికి బల్బు టెస్టర్‌తో ప్రతి వైరూ గుచ్చేవాణ్ణి ఆపండి, మల్టీమీటర్ తెమ్మనండి. చాలా కార్లలో పసుపు తొడుగు, పసుపు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఉన్నవి ఎయిర్‌బ్యాగ్ లైన్లు. వాటి జోలికి నేనే వెళ్లను.

ఇంతకీ ఆ స్పీడ్ బ్రేకర్ కారుకి కొత్త వైరు లాగి, చిల్లుకి బుష్ పెట్టి, పాత 10 ఫ్యూజే వేశాను. ఇంతవరకు ఫోన్ రాలేదు.