అంబ్రోనాలో నిప్పు ఎవరు పెట్టారు?

స్పెయిన్‌లోని సోరియా ప్రాంతంలో, సముద్రమట్టానికి 1100 మీటర్ల పైన ఉంది అంబ్రోనా. గుప్పెడు ఇళ్లున్న పల్లె. 1888లో పక్కనే టొరాల్బాలో రైల్వే పనులకు తవ్వుతుంటే పేద్ద ఎముకలు బయటపడ్డాయి. 1909లో సెర్రాల్బో అనే జమీందారు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టి, తర్వాత అంబ్రోనాకూ వచ్చాడు.

అవి ఏనుగు ఎముకలు. ఇప్పటి ఏనుగులు కావు. తిన్నని దంతాలతో, మగవైతే భుజం దగ్గరే 4 మీటర్ల దాకా ఎదిగిన జాతి, ఎప్పుడో అంతరించిపోయింది. ఈ ఎముకల వయసు మూడున్నర లక్షల ఏళ్లకు తక్కువ ఉండదని అంచనా.

1961లో అమెరికా నుంచి క్లార్క్ హొవెల్ అనే మానవశాస్త్రవేత్త తవ్వకాలకు వచ్చాడు. ఎముకల మధ్య రాతి పనిముట్లు, అక్కడక్కడ బొగ్గు ముక్కలు కనిపించాయి. ఆదిమానవులు గడ్డికి నిప్పంటించి, ఏనుగుల్ని బురదలోకి తరిమి చంపారన్నాడు. భలే కథ, చాలాకాలం నిలిచింది. 1963లో ఎముకల్ని కదపకుండా, దొరికినచోటే మ్యూజియం కూడా కట్టారు.

1980ల్లో ఇతరులు అవే ఎముకల్ని మైక్రోస్కోప్ కింద పెట్టారు. రాతి అంచుతో మాంసం కోస్తే ఎముక మీద సన్నటి గాటు పడుతుంది, దాని లోపల మరీ సన్నని గీతలు వరుసగా ఉంటాయి. ఇసుక రాపిడికి పడే గీతలు అలా ఉండవు. వెతికితే అసలైన గాట్లు కొన్నే తేలాయి. పొయ్యి జాడ లేదు. బొగ్గంటారా, కార్చిచ్చుకూ మిగులుతుంది. నీటి ఒడ్డున చాలా ఏనుగులు వాటంతట అవే చచ్చాయి, మనుషులు అప్పుడప్పుడు వచ్చి మాంసం కోసుకున్నారు అన్నదే నేటి మాట. ఏ ఎముక ఎక్కడ పడి ఉందో హొవెల్ బృందం ఓపిగ్గా గీసిపెట్టుకోబట్టే ఈ తిరగతోడటం సాధ్యమైంది. ఆ ఘనత ఆయనకు దక్కాలి.

మనుషులు పెట్టిన నిప్పు ఇదే లోయలో వేరేచోట, ఏనుగులంత పేరు రాని ఒక సమాధిలో ఉంది. నా లెక్కన అంబ్రోనాలో ముందు చూడాల్సింది అదే. పేరు పేన్యా దె లా అబువేలా, వయసు సుమారు 6000 ఏళ్లు. సున్నపురాళ్లతో గది కట్టి, తమవాళ్ల శవాల్ని అందులో ఉంచి, చివరికి మొత్తానికి నిప్పు పెట్టారు. సున్నపురాయి పొడిసున్నంగా మారాలంటే 800, 900 డిగ్రీల వేడి గంటల తరబడి నిలవాలి. గడ్డిమంటకు సాధ్యమయ్యే పని కాదు. కట్టెలు బాగా పేర్చి, సున్నం బట్టీలా కాల్చి ఉండాలి. ఆ సున్నం వానకు తడిసి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడింది. కింద ఎముకలు అలాగే చిక్కుకుపోయాయి. ఇక మరో శవాన్ని లోపలికి చేర్చే వీల్లేదు. అందుకే దీన్ని ప్రమాదం అనరు, కావాలనే సమాధి మూసేశారంటారు.