బడి ఆవరణలో జీవవైవిధ్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మా బడిలో చెట్లే లేవు, ఇక చూపించడానికి ఏముంది?

వాస్తవం: గోడ పగులులో నాచు ఉంటుంది, రాయి కింద చీమలుంటాయి. పాత గోడ మీద బూడిదరంగు మచ్చలా కనిపించే లైకెన్ ఒక్కటి చాలు, పీరియడంతా గడిచిపోతుంది. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే ఈ జీవుల్లో చాలా రకాలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తట్టుకోలేవు.

అపోహ: ఉపాధ్యాయుడికి ప్రతి మొక్క పేరూ తెలిసి ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. ‘రకం-1, రకం-2’ అని రాసుకున్నా లెక్క సాగుతుంది. పేరు చెప్పగానే పిల్లలు ఆ జీవిని చూడటం మానేస్తారన్నది నా అనుమానం. రోకలిబండ పురుగునూ జెర్రినీ దూరం నుంచే పరిశీలించమనండి. మొదటిదానికి శరీరంలోని చాలా ఖండితాల్లో (కణుపుల్లాంటి భాగాల్లో) రెండేసి జతల కాళ్లు, రెండోదానికి ఒక్కో జత. ఒకటి కుళ్లిన ఆకులు తింటుంది, మరొకటి వేటాడుతుంది. ఈ తేడాలు పట్టుకున్నాక పేరు చెప్పవచ్చు.

అపోహ: ఎన్ని రకాలున్నాయో లెక్కపెడితే వైవిధ్యం తెలిసిపోతుంది.

వాస్తవం: అసలు పాఠం ఇక్కడే ఉంది. ఒక్కో చదరపు మీటరు చొప్పున రెండు చోట్ల క్వాడ్రాట్ (లెక్కపెట్టే చోటుకు హద్దు గీసే చతురస్రపు చట్రం) వేశామనుకుందాం. రెండింట్లోనూ అయిదు రకాలు, మొత్తం 50 మొక్కలు. మొదటి దానిలో రకానికి పదేసి ఉన్నాయి. రెండో దానిలో ఒకే రకం 46, మిగతా నాలుగూ ఒక్కొక్కటి. 1949లో గణాంక శాస్త్రవేత్త సింప్సన్ ప్రతిపాదించిన కొలత ఆధారంగా, ఒక్కో రకం వాటాను వర్గం చేసి, ఆ మొత్తాన్ని 1 నుంచి తీసేస్తే మొదటి చోట 0.8, రెండో చోట సుమారు 0.15 వస్తుంది. అంకె ఎంత పెద్దదైతే వైవిధ్యం అంత ఎక్కువన్నమాట. గణితం ఉపాధ్యాయుణ్ని కూడా బయటికి పిలవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

క్వాడ్రాట్ ఎక్కడ వేయాలో మాత్రం పిల్లల ఇష్టానికి వదలకండి. వాళ్లు పూలున్న చోటే వేస్తారు. నేల మీద గళ్లు ఊహించుకుని, చీటీలు తీసి చోటు నిర్ణయించండి.

అపోహ: కలుపు తీసి, ఆకులు ఊడ్చేసిన ఆవరణే మంచి ఆవరణ.

వాస్తవం: చూపుకు బాగుంటుంది, అంతే. ఓ మూల ఊడ్వకుండా వదిలి, ఊడ్చిన మూలతో పోల్చి చూడమనండి. ఎత్తిన రాయిని మాత్రం, కింద ఉన్నవి నలగకుండా, ఉన్నచోటే మళ్లీ పెట్టించండి. చేతులతో పుట్టల్లో వెతకనివ్వకండి, పుల్ల వాడమనండి.