అందరూ పోయి ఒక్కరే మిగిలినప్పుడు: అపోహలు - వాస్తవాలు

"భూమ్మీద నూకలున్నాయి కాబట్టి బతికావు." ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషి మా వైపు మొదటి రోజే వినే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ పడవలో ఐదుగురు వెళ్తే నలుగురు పోయి, తనొక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి ఒకరోజు నా ఎదురుగా కూర్చుని అడిగాడు: "మరి ఆళ్ళ నూకలు ఎవులు తినేసినారు మేడమ్? నానేనా?"

నేను శ్రీకాకుళంలో క్లినికల్ సైకాలజిస్టుని. ఇక్కడ సముద్రం ఉంది, రైలు పట్టాలున్నాయి, దసరా దాటకుండానే ముంచుకొచ్చే తుఫాన్లున్నాయి. ఇక్కడ వేట చాలక గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పడవలెక్కే వాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఒక్కరే మిగిలిపోయిన మనుషులు మాకు అరుదు కాదు. వాళ్ళ గురించి ఇంట్లో వాళ్ళు నమ్మేవి, వాళ్ళ చెవిన పడేవి కొన్ని రాస్తున్నాను. పైన చెప్పిన మనిషిని అప్పన్న అందాం. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అపోహ: బతికాడు కదా, అదృష్టవంతుడు. సంతోషంగా ఉండాలి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో 242 మంది ఉంటే ఒక్కరే ప్రాణాలతో బయటపడ్డారు. దేశమంతా అద్భుతం అంది. అదే విమానంలో ఆయన తమ్ముడు పోయాడు. కొన్ని నెలల తర్వాత, భార్యతోనూ కొడుకుతోనూ కూడా మాట్లాడలేక గదిలో ఒంటరిగా కూర్చుంటున్నానని ఆయనే విలేకరులకు చెప్పారు.

1972లో యుగోస్లావియా విమానం ఒకటి సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. 28 మందిలో బతికింది వెస్నా వులోవిచ్ అనే ఎయిర్‌హోస్టెస్ ఒక్కరే. ప్రమాదం ఆమెకు గుర్తే లేదు. అయినా తాను బతికినందుకు అపరాధ భావం మోశానని తర్వాత చెప్పుకున్నారు. జ్ఞాపకం లేకపోయినా ఈ భారం వస్తుందన్నమాట. "ఏమీ గుర్తులేదుగా, ఇంకెందుకు బాధ?" అని అడిగేవాళ్ళు ఇది గమనించాలి.

మా పుస్తకాల్లో దీన్ని సర్వైవర్ గిల్ట్ అంటారు. నాజీ శిబిరాల నుంచి బతికి వచ్చినవాళ్ళకు వైద్యం చేస్తూ విలియం నీడర్‌లాండ్ అనే మానసిక వైద్యుడు 1960లలో దీని గురించి వివరంగా రాశాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను ఆ పేరు చెప్పను. "మిగిలిపోయిన బాధ" అంటాను. వెంటనే అర్థమవుతుంది.

అపోహ: "నీ తప్పేం లేదు" అని పదిసార్లు చెబితే సరిపోతుంది.

ఇది అందరూ చెప్పేదే. చదువుకుని వచ్చిన కొత్తలో నేనూ చెప్పేదాన్ని. పనిచెయ్యదు. ఎందుకో అర్థం కావడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

మనసుకి రెండే దారులు కనిపిస్తాయి. "నేనేదో చేసి ఉంటే వాళ్ళు బతికేవాళ్ళు" అనేది ఒకటి. "ఎవరు ఏం చేసినా ఆగేది కాదు" అనేది రెండోది. మొదటిది గుండెను కోస్తుంది, కానీ రెండోది ఇంకా భయంకరం. రెండోది ఒప్పుకుంటే రేపు పిల్లల్ని బడికి పంపాలన్నా కాళ్ళు వణుకుతాయి. అందుకే మనసు తప్పుని తన మీద వేసుకుంటుంది. నిస్సహాయత కంటే నేరమే నయమనిపిస్తుంది. అలాంటప్పుడు మనం వెళ్ళి "నీ తప్పేం లేదు" అంటే, అతను పట్టుకున్న ఒక్క తాడునీ లాగేసినట్టే. ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

అప్పన్న పట్టుకున్న తాడు ఇది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం పడవని తిరగేసింది. ఖాళీ డీజిల్ క్యాను ఒకటి ఎడమ చేతికి చిక్కింది. కుడి చేత్తో పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకున్నాడు. వరసకు అన్న అవుతాడు. కాసేపటికి కుడి చేతిలో ఏమీ లేదు. "జారిందో, నానే వదిలేసినానో తెల్దు మేడమ్." మాట్లాడుతున్నంతసేపూ కుడి అరచేతిని లుంగీకి తుడుచుకుంటూనే ఉండేవాడు, తడి ఆరనట్టు.

నేను సర్దిచెప్పలేదు. ఆ కొద్ది నిమిషాల్ని మళ్ళీ మళ్ళీ, నెమ్మదిగా, అతను తట్టుకోగలిగినంతే నడిచాం. ఎన్ని కెరటాలు? నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి? క్యాను ఏ చంకలో ఉంది? ఐదోసారో ఆరోసారో మధ్యలో ఆగి కుడి భుజం తడుముకున్నాడు. ఒడ్డుకి చేరిన రోజున ఆ భుజం కీలు తప్పి ఉందని, ఎముకల డాక్టరు లాగి సరిచేశారని అతనికి తెలుసు. కేసు షీటులో ఉంది కాబట్టి నాకూ తెలుసు. ఆ రెండింటినీ అంతవరకు మేమిద్దరం కలిపి చూడలేదు. "వదిలేస్తే భుజం ఎందుకు తప్పుద్ది?" అని అతనే అడిగాడు. నేనేమీ అనలేదు.

ఆ రోజుతో తేలికపడిపోయాడని కాదు. ఆ తర్వాత రెండు వారాలు ఇంకా ఎక్కువ ఏడ్చాడని వాళ్ళావిడ చెప్పింది. నేరం కిందకి దిగితే దాని అడుగున ఉన్న దుఃఖం పైకి వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "వైద్యం వికటించింది" అని కంగారుపడి మానిపించేస్తారు. దయచేసి మానిపించకండి.

అపోహ: మొదటి రోజే జరిగిందంతా చెప్పించేయాలి, కక్కేస్తే తేలికైపోతుంది.

పాతికేళ్ళ కిందట మా రంగంలోనూ చాలామంది ఇదే అనుకునేవాళ్ళు. ప్రమాదం జరిగిన వెంటనే ఒక సిట్టింగులో అంతా చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి హాని కూడా జరగొచ్చని తర్వాత పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు మేం చేసేది వేరు. ముందు తడి బట్టలు మార్పించడం, టీ ఇవ్వడం, ఇంటికి ఫోను కలపడం, చెప్తే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం.

ఒక్కడే మిగిలిన మనిషికి ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇతరులకు లేనిది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరుని రాయగడ పాసింజరు వెనక నుంచి గుద్దినప్పుడు 14 మంది పోయారు. కానీ బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఆ చీకట్లో నువ్వేం చేయగలవు, నేనూ అక్కడే ఉన్నాను కదా" అని ఒకరికొకరు చెప్పుకోగలరు. ఒక్కడే మిగిలినవాడికి ఆ మాట చెప్పే మనిషి భూమ్మీద లేడు. సాక్షీ తనే, ముద్దాయీ తనే, తీర్పు చెప్పేవాడూ తనే.

పైగా పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి అందరూ అతని దగ్గరికే వస్తారు. "మావాడు చివర్లో ఏమన్నాడు? నన్ను తలచుకున్నాడా?" వాళ్ళని తప్పు పట్టలేం. శవం కూడా దొరకని ఇల్లు అయితే, ఆ ఒక్కడి నోటి మాటే వాళ్ళకు మిగిలింది. కానీ పదకొండో రోజు లోపల నాలుగు కుటుంబాలకూ, పోలీసులకూ, విలేకరులకూ కలిపి అప్పన్న ఆ కథ ఇరవైసార్లు చెప్పాడు. ప్రతిసారీ మునిగి లేచాడు. ఇంట్లో పెద్దవాళ్ళు చేయగల గొప్ప సాయం ఇక్కడే ఉంది. ఎవరైనా ఒకరు గుమ్మం దగ్గర నిలబడి "ఇప్పుడు కాదు, వాడు చెప్పగలిగిన రోజున మేమే పిలుస్తాం" అనాలి. టీవీ వాళ్ళకైతే ఆ రెండో ముక్క కూడా అక్కర్లేదు.

అపోహ: నిద్రమాత్ర వేసి పడుకోబెడితే మర్చిపోతాడు.

మర్చిపోడు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ఆల్ప్రాజోలమ్ లాంటి మాత్రల్ని మొదటి నెలలో ఈ రకం ఒత్తిడికి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అలవాటు పడే ప్రమాదం కూడా ఉంది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఇక మందు. "రెండు పెగ్గులు పోయండి, పడుకుంటాడు" అనే స్నేహితులు మా ప్రాంతంలో ఎంతమందిని పాడుచేశారో చెప్పడం మొదలుపెడితే నాకు కోపం వస్తుంది.

అపోహ: చిన్నపిల్ల, తెలీదులే. అమ్మ ఊరెళ్ళిందని చెప్పండి.

పెళ్ళికో గుడికో ఆటోలో వెళ్తూ అమ్మా నాన్నా పోయి పిల్ల ఒక్కతే మిగిలిన ఇళ్ళలో ఇది తప్పక వింటాను. ఊరెళ్ళిన అమ్మ తిరిగి రావాలి కదా. రాకపోతే "నేను అల్లరి చేశానని రాలేదు" అనుకుంటుంది. చిన్నపిల్లలు చాలా వాటికి తామే కారణమనుకుంటారు. దగ్గరి మనిషి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "అమ్మ చనిపోయింది, ఇంక రాదు, నీవల్ల కాదు, నిన్ను నేను చూసుకుంటాను" అని తేలిక మాటల్లో చెప్పాలి. మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ అదే చెప్పాలి. బొమ్మ ఆటోని గోడకి గుద్దే ఆట పదేపదే ఆడుతుంటే తిట్టి లాక్కోకండి. జరిగింది అర్థం చేసుకోవడానికి తనకున్న దారి అది. నెలలు గడిచినా అదే ఆట, అదే భయం అయితే మాకు చూపించండి.

అపోహ: గాలి సోకింది, తాయెత్తు కడితే పోతుంది.

తాయెత్తు కట్టించుకోండి, అమ్మవారికి మొక్కు తీర్చుకోండి, నేను వద్దనను. దిష్టి తీస్తున్నప్పుడు అమ్మ చెయ్యి తల మీద ఉంటుంది, అదీ కొంత మందే. కానీ దానితో ఆగకండి. ఉలికిపాటు, పీడకలలు, తిండి సయించకపోవడం మొదటి వారాల్లో మామూలే. చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా అదే జోరులో ఉంటే, పనికి వెళ్ళలేకపోతే, అది పీటీఎస్‌డీ, అంటే భయంకర ఘటన తర్వాత మనసుని వదలకుండా పట్టే జబ్బు, కావచ్చు. దానికి మాటల వైద్యం ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. "ఆళ్ళ దగ్గరికే పోతాను" అన్న మాట ఒక్కసారి విన్నా నెల ఆగకూడదు. మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: ఇంక సముద్రం మొహం చూడొద్దు.

భయపడిన చోటికి పోకుండా ఉంటే ఆ రోజుకి హాయిగా ఉంటుంది, భయం మాత్రం పెరుగుతుంది. అప్పన్న మొదట ఊరి చివర కొబ్బరితోట దాకా వచ్చాడు. తర్వాత ఇసుక దాకా. తర్వాత వలలు బాగుచేసే పాక కింద కూర్చున్నాడు. వేటకి మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది అతని ఇష్టం. వెళ్ళగలిగేలా చేయడం మా పని. ఇప్పటికైతే వెళ్ళట్లేదు, వలలు అల్లుతున్నాడు.

ఐదో నెలలో, చెయ్యి పట్టుకున్న ఆ అన్న ఇంటికి వెళ్తానన్నాడు. అన్నాళ్ళూ ఆ వీధిని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. వదిన అడిగితే ఏం చెప్పాలని నన్నడిగాడు. లేని చివరి మాట కల్పించొద్దన్నాను. తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. వెళ్ళి వచ్చాక ఏం చెప్పాడో నాకు చెప్పాడు. ఆవేళ తెల్లారగట్ల పడవ తొయ్యకముందు అన్న క్యారేజీ విప్పి, చద్దన్నంలో ఉల్లిపాయ ఇద్దరికీ సగం చేశాడట. ఉప్పు ఎక్కువైందని నవ్వాడట.

ఆవిడ చాలాసేపు ఊరుకుని, "ఆ ఉప్పు నానే ఏసినాను" అందట. తర్వాత లోపలికి వెళ్ళి అతనికి అన్నం పెట్టింది. తిన్నావా అని అడిగాను. "సగం తిన్నాను మేడమ్" అన్నాడు.